అత్తగారితో చుట్టుదారి

లిఫ్టులు బాగుచేసే మనిషికి సెలవు దొరకడం మాటలు కాదు. ఆసుపత్రిలో ఆగినా, ఆఫీసులో ఆగినా, అపార్ట్‌మెంటులో ఆగినా ఫోను అతనికే వస్తుంది. భార్య పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. రోజంతా ఎవరో ఒకరి నోటి మీదికి వంగి నిలబడీ నిలబడీ ఆమె మెడ కాస్త ఒక పక్కకే ఒరిగిపోయింది. ఎలాగో ఆ ఏడాది ఇద్దరి సెలవులూ, కూతురి బడి సెలవులూ ఒకే వారంలో కలిశాయి. సముద్రం ఒడ్డున నాలుగు రోజులు ఉండివద్దామనుకున్నారు. భార్య తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ప్రయాణం నలుగురిది.

తీరా చూస్తే లోకమంతటికీ ఆ వారమే సెలవు. విమానం టికెట్లు కొండెక్కి కూర్చున్నాయి. అతను పని నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, భోజనాల బల్ల దగ్గర ఫోను పట్టుకుని రోజూ వెతికాడు. మంగళవారం తగ్గుతాయని ఎవరో అంటే మంగళవారం దాకా ఆగాడు. తగ్గలేదు సరికదా పెరిగాయి. చివరికి ఒక కిటుకు దొరికింది. నేరుగా వెళ్ళే విమానంలో పాత ధరకు రెండు సీట్లే మిగిలాయి. ఆ రెండూ కొనేసి, మిగతా ఇద్దరూ మధ్యలో ఒక ఊళ్ళో దిగి, వేరే కంపెనీ విమానం ఎక్కితే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

"మరి ఎవరు ఎటు?" అంది భార్య.

కూతురికి విమానంలో వాంతులవుతాయి. తల పెట్టుకోవడానికి తల్లి ఒడి ఉండాల్సిందే. కాబట్టి ఆ ఇద్దరూ నేరుగా వెళ్తారు. ఇక మిగిలింది అతనూ, అత్తగారూ.

భార్య అతని మొహంలోకి చూసింది. "నిజంగానే అంటున్నారా?"

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. అల్లుడికీ అత్తగారికీ తగవేమీ లేదు. అసలు మాటే లేదు. ఒకే కప్పు కింద పదేళ్ళుగా ఉంటున్నారు. "మీ అమ్మగారి మందులు అయిపోయాయేమో కనుక్కో" అని అతను అంటాడు. "మీ ఆయన గొడుగు తీసుకెళ్ళాడా?" అని ఆవిడ అంటుంది. అన్నీ మధ్య మనిషి ద్వారానే. మొదట్లో అది మొహమాటం. రానురాను అదే అలవాటైపోయింది. ఇప్పుడా మధ్య మనిషి వేరే విమానంలో వెళ్ళిపోతోంది.

చవక టికెట్టుకు చేతిసంచి ఒక్కటే ఉచితం. విమానం ఎక్కే చోట నిలబడ్డ అమ్మాయి అత్తగారి సంచి తూచి తల అడ్డంగా ఊపింది. "బరువెక్కువుందండీ. డబ్బు కట్టాలి."

అతను పర్సు తీయబోయేలోపే అత్తగారు పక్కకు జరిగి సంచి తెరిచింది. ఒక స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరు తొడిగింది. దాని మీద కోటు వేసుకుంది. కోటు జేబుల్లో మందుల డబ్బాలు, ఇంట్లో వేసుకునే చెప్పుల జత కుక్కింది. సంచి మళ్ళీ తక్కెడ మీద పెట్టి, "ఇప్పుడు చూడమ్మా" అంది.

"అదే బరువు కదండీ, మీ ఒంటి మీదికి ఎక్కిందంతే."

"నన్ను కూడా తూచమని మీవాళ్ళు చెప్పలేదుగా!"

వెనక వరసలో ఎవరో పకాలున నవ్వారు. అల్లుడికీ నవ్వొచ్చింది. నవ్వచ్చో కూడదో తెలియక వంగి బూటు లేసు కట్టుకున్నాడు.

అందరినీ ఎక్కించాక విమానం కదల్లేదు. ఏదో దీపం వెలగడం లేదన్నారు. తర్వాత ఎవరో సంతకం పెట్టాలన్నారు. వెనక్కి వాలని సీట్లలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. రెండు స్వెట్టర్ల కింద అత్తగారి మెడ మీద చెమట కారుతోంది. అతను తన తల మీద గాలి వచ్చే మరను ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

వాళ్ళు మధ్య ఊళ్ళో దిగేసరికి రెండో విమానం వెళ్ళిపోయింది.

"మొదటిది ఆలస్యమైందండీ, మా చేతుల్లో ఏముంది?" అన్నాడు అతను, కౌంటర్లో ఉన్న మనిషితో.

"అది వేరే కంపెనీ, మాది వేరే కంపెనీ. మీరు విడివిడిగా కొన్నారు. మళ్ళీ టికెట్లు కొనుక్కోవాలి." రోజుకు పదిమందికి చెప్పే మాటలా చెప్పాడాయన. ధర చూపించాడు. ఆ డబ్బుతో మొదటే నలుగురూ నేరుగా వెళ్ళి ఉండొచ్చు. లోభికి ఖర్చెక్కువ అంటే ఇదే.

అతను వచ్చి అత్తగారికి ఒక కుర్చీ ఎడంగా కూలబడి భార్యకు ఫోను చేశాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. "సరే, ఏం చేస్తాం" అంది, ఎక్కడో లోతులోంచి మాట్లాడుతున్నట్టు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

ఫోను జేబులో పెట్టుకుంటూ పక్కకు చూస్తే అత్తగారు బూట్లు విప్పి ఉంది. పాదాలు ఉబ్బి, మేజోళ్ళ అంచు చర్మంలోకి దిగి ఉంది. చెప్పడానికి మధ్యలో ఎవరూ లేరు.

"అత్తయ్యగారూ, కాళ్ళు అలా ఉన్నాయేమిటండీ?"

ఆవిడ ఉలిక్కిపడినట్టు చూసింది. "ఎప్పుడూ ఉండేవే బాబూ. ఆసుపత్రి బట్టలుతికే చోట నిలబడి నిలబడి వచ్చినవి." మేజోళ్ళు కిందికి లాక్కుంటూ అంది, "ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది మన ప్రయాణం."

"తప్పు నాదేనండీ. తెలివి ఎక్కువైంది."

"తప్పెవరిదైతేనేం, కూర్చున్నది ఇద్దరమేగా."

సాయంత్రం ఒక బస్సు ఉందన్నాడతను. ఎక్కితే తెల్లారేసరికి సముద్రం దగ్గర దిగొచ్చు. ఆవిడ బూట్ల వైపు చూసింది.

"బాబూ, ఒక్కమాట. సముద్రం ఎక్కడికీ పోదు. నాకు పడుకోవాలనుంది. మీరూ అద్దంలో కళ్ళు చూసుకోండి."

విమానాశ్రయం వెనక సందులో ఒక చిన్న లాడ్జి దొరికింది. గది ఒక్కటే ఖాళీ ఉంది, అదీ మూడో అంతస్తులో. ఆ అంతస్తులోనే వరండాలో ఉన్న సోఫాలో అతను పడుకోవచ్చన్నాడు యజమాని. లిఫ్టు తలుపుకు 'పనిచేయదు' అని అట్టముక్క వేలాడుతోంది. అతని చెయ్యి దానంతటదే మీట దగ్గరికి వెళ్ళింది. తలుపు సందులో చెవి పెట్టి విన్నాడు కూడా.

"ముట్టుకోకండి" అంది అత్తగారు. "మీరు సెలవులో ఉన్నారు."

ఆ ఉబ్బిన కాళ్ళతోనే, కమ్మీ పట్టుకుని, మలుపు మలుపుకూ ఆగుతూ ఆవిడ మెట్లెక్కింది. రెండు సంచులూ మోస్తూ వెనకే ఎక్కాడు అతను.

మర్నాడు లేచేసరికి ఎండ వరండా దాటి గోడెక్కింది. ఎక్కుదామనుకున్న పొద్దుటి బస్సు పోయింది. సోఫా చెయ్యి గుర్తు అతని చెంప మీద పడింది. అత్తగారు గది తలుపు తీసి, జుట్టంతా చెదిరి, "మీరూ ఇప్పుడేనా?" అంది సిగ్గుపడుతూ. అతను కంగారుగా భార్యకు ఫోను చేశాడు.

"మేమూ ఇప్పుడే లేచామండీ" అంది భార్య. "ఇంకా సముద్రం దగ్గరికి పోలేదు. కిటికీలోంచి కనిపిస్తోంది గానీ కిందికి దిగే ఓపిక లేదు. ఇది బొమ్మల సినిమా చూసుకుంటోంది."

ఆ మాట చెబితే అత్తగారు దగ్గు వచ్చేదాకా నవ్వింది.

తర్వాతి బస్సు సాయంత్రం. సందు చివర చిన్న హోటల్లో రొట్టె, సూపు తీసుకుని కూర్చున్నారు. రోడ్డు మీద లారీలు సరుకు దించుతున్నాయి. ఆవిడ రొట్టె తుంచుతూ, తల ఎత్తకుండా అంది.

"మీరు మాట్లాడకపోతే, నేను మీకు బరువయ్యాననుకున్నాను."

అతను చెంచా కింద పెట్టేశాడు. "అయ్యో, అదేం మాటండీ! మీరే మాట్లాడరు కదా, నేనంటే మీకు గిట్టదేమో అనుకున్నాను."

"మీకు సూపు చల్లారితే నచ్చదని తెలుసు. చొక్కా మీద గ్రీజు దేనితో పోతుందో తెలుసు. గిట్టని మనిషి గురించి ఇవన్నీ ఎవరు తెలుసుకుంటారు?"

"ఎంత కాలం పోయిందండీ" అన్నాడు.

"పోనీండి. తినండి, చల్లారుతోంది."

అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు ఇద్దరూ. తర్వాత ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి, అతను ఆసుపత్రి లిఫ్టు గురించి, ఇద్దరూ పిల్ల వాంతుల గురించి మాట్లాడుకున్నారు. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. మలుపుల్లో తల అద్దానికి తగులుతుంటే అతను తన జాకెట్టు మడిచి మధ్యలో పెట్టాడు.

వాళ్ళు చేరాక సెలవు రెండు రోజులే మిగిలింది. అందులో ఒక రోజు వాన. మిగిల్చాననుకున్న డబ్బు బస్సుకూ లాడ్జికీ పోగా, భార్య చేతికి ఇవ్వడానికి చిల్లరే మిగిలింది. ఆమె లెక్క అడగలేదు. "అమ్మ మిమ్మల్ని ఏమీ విసిగించలేదుగా?" అని మాత్రం రహస్యంగా అడిగింది. "లేదు, పడుకోనిచ్చారు" అన్నాడు.

వాన వెలిశాక నలుగురూ ఒడ్డుకు వెళ్ళారు. గాలి గట్టిగా వీస్తోంది. కూతురు ఒక్కతే అలల్లోకి పరిగెత్తి, అరుచుకుంటూ వెనక్కి వస్తోంది. భార్య ఇసుకలో వెల్లకిలా పడుకుని మెడను నేలకు వదిలేసింది. అత్తగారు అల్లుడి మోచెయ్యి పట్టుకుని నీళ్ళ దాకా నడిచింది. ఒక అల వచ్చి ఇద్దరి పాదాలూ తడిపింది.

"చాలా చల్లగా ఉంది బాబూ, ఇక గదికి పోదామా?" అంది.

ఎవరూ కాదనలేదు. కూతుర్ని మాత్రం రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.