చీకటి గదిలో ఎవరి చెయ్యి

"వాళ్ళు మిమ్మల్ని ముట్టుకోరు. మీరూ వాళ్ళని ముట్టుకోకూడదు." ఫరీదాబాద్‌లో ఓ మాల్ మూడో అంతస్తులో, టిక్కెట్టు కొని చూసే దెయ్యాల కొంప గుమ్మం ముందు మమ్మల్ని నిలబెట్టి మేనేజరు పృథ్వీరాజ్ ఈ మాట హిందీలో రెండుసార్లు చెప్పాడు. మా ఆయన నాగభూషణం విననే లేదు. సెక్షన్ ఆఫీసరు అయిన దగ్గర్నుంచీ ఎదుటివాళ్ళు చెప్పేది వినడం మానేశాడు.

మా అమ్మాయి నేహా పదిహేనేళ్ళది. అది పట్టుబట్టడంతో వచ్చాం. లోపల పొగ, ఎక్కణ్ణుంచో ఏడుపులు. రెండో గదిలో తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకున్న ఒక అమ్మాయి గోడ చాటునుంచి గభాలున వచ్చి కెవ్వుమని అరిచింది. నేహా నా భుజం పట్టుకుని వెనక్కి నక్కింది. మా ఆయన మాత్రం నవ్వాడు.

"దెయ్యానికి నడుం భలే ఉందే," అంటూ చెయ్యి చాచి ఆ పిల్ల నడుం పట్టుకున్నాడు. ఎర్రబల్బు వెలుగులో నేను చూశాను. జరిగింది నా పక్కనే.

ఆ అమ్మాయి ఒక్క తోపు తోసింది. ఆయన వెళ్ళి అట్టతో చేసిన శవపేటిక మీద పడ్డాడు.

మేనేజరు గదిలో ట్యూబులైటు కింద చూస్తే ఆ దెయ్యానికి ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. పేరు చాందిని. మునిర్కా అనే పేటలో గది తీసుకుని చదువుకుంటోందట. శని, ఆదివారాలు ఇక్కడ ఈ వేషం. వేషంలో ఉన్నవాళ్ళు చూడవచ్చినవాళ్ళ మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడినట్టే. ఆ నియమం మాత్రం మా ఆయనకి బాగా వినిపించింది.

"ముఝే ధక్కా దియా! ఏక్ గవర్నమెంట్ ఆఫీసర్ కో!" బల్ల గుద్ది అరిచాడు. "ఇసే ఆజ్ హీ నికాలో!" గవర్నమెంటు ఆఫీసర్ని పట్టుకుని తోసిందట, ఇవాళే ఉద్యోగంలోంచి తీసెయ్యాలట.

"పహ్లే ఇన్హోంనే హాథ్ లగాయా," అంది చాందిని. ముందు చెయ్యి వేసింది ఆయనే అని. ఏడవలేదు. మొహాన తెల్లరంగు అలాగే ఉంచుకుని సూటిగా ఆయన కళ్ళలోకి చూస్తూ అంది.

చీకట్లో తగిలి ఉంటుందన్నాడు ఈయన. ఆ గదిలో కెమెరా లేదు. చూసిన మనిషిని నేనున్నాను.

పృథ్వీరాజ్ నా వైపు తిరిగాడు. అతను నోరు తెరిచేలోపే మా ఆయన తెలుగులోకి దిగాడు. అంతసేపూ అరిచిన మనిషి, వంటింట్లో మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు.

"కస్తూరీ, చీకటి, ఏం కనపళ్ళేదని చెప్పెయ్. ఠీక్ హై? వీళ్ళకి తెలుగు రాదులే."

నేహాకి వచ్చన్న సంగతే మరిచాడు. మేం తెలుగులో ఏమన్నా అది హిందీలోనే జవాబిస్తుంది. అందుకని దానికి అర్థం కాదనే అనుకుంటాడు.

"పాపా మమ్మీ కో ఝూఠ్ బోల్నే కో కహ్ రహే హైఁ," అంది నేహా మేనేజరుతో. నాన్న అమ్మని అబద్ధం చెప్పమంటున్నాడని చెప్పేసింది.

"నోర్ముయ్! చంపేస్తాను!" ఆయన చెయ్యెత్తాడు. పృథ్వీరాజ్ అడ్డం వచ్చాడు.

"మేడమ్, ఆప్‌నే దేఖా?" మీరు చూశారా అని నన్ను అడిగాడు.

నేను వెంటనే నోరు విప్పలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు గుర్తొచ్చింది క్వార్టర్సులో మా పక్కింటి సరోజ. ఆవిడకి తెలిస్తే ఏమంటుంది? ఇంటికెళ్ళాక ఈయన ఎన్నాళ్ళు సాధిస్తాడు? ఆ చెయ్యి సంగతి నాకు కొత్త కాదు. పదిహేడేళ్ళుగా బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో, ఆయనకీ పక్కనున్న ఆడమనిషికీ మధ్య చొరబడి కూర్చుంటూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. నేను అడ్డం కూర్చుంటే చాలనుకున్నాను. ఛీ, ఏం బతుకు నాది!

చాందిని నా వైపే చూస్తోంది. గోడ గడియారంలో ముల్లు కదులుతూనే ఉంది.

"దేఖా," అన్నాను. "హాథ్ ఇన్హీ కా థా. జాన్‌బూఝ్ కర్ లగాయా." చూశానని, ఆ చెయ్యి ఈయనదేనని, కావాలనే వేశాడని చెప్పేశాను.

"ఇంటికి రా, నీ పని చెప్తాను," అని మా ఆయన తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

చాందిని ఉద్యోగానికి ఢోకా లేదన్నాడు పృథ్వీరాజ్. నా గుండె తేలికపడింది. ఆ అమ్మాయి వచ్చి నా చేతులు పట్టుకుని రెండు మంచి మాటలు అంటుందని కూడా ఆశపడ్డాను. చాందిని లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతులు పట్టుకోలేదు.

"ఇత్నీ దేర్ క్యోం లగీ, ఆంటీ?"

ఇంతసేపెందుకు పట్టిందని అడుగుతోంది. నేహా కూడా, నేనేం చెబుతానా అని, నా మొహంలోకే చూస్తోంది.