గోడ అవతలి పిల్లలు

ఆదివారం చర్చిలో పూజ ముగిశాక చర్చి పాలక సంఘం పెద్ద మైకు అందుకున్నాడు. సమాధుల తోట గోడ వెనక ఊరికే పడి ఉన్న ఖాళీ స్థలంలో సిమెంటు పోయించి, కార్లు నిలుపుకునే చోటు చేస్తున్నామన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పక్కన కూర్చున్న తల్లి వైపు చూసింది. ముసలావిడ కళ్లు మూసుకుని ఉంది. చెవుడు కదా, వినబడలేదేమో అనుకుంది.

ఆ స్థలం ఖాళీ కాదు. జ్ఞానస్నానం అందకముందే కన్నుమూసిన పసిగుడ్లను ఒకప్పుడు అక్కడే పాతిపెట్టేవారు. గోడ లోపలిది ఆశీర్వదించిన నేల, అందులో వాళ్లకు చోటు లేదనేవారు. ఉరేసుకున్న వడ్రంగి ఒకడు కూడా అక్కడే ఉన్నాడు. ఎవరికీ సిలువ లేదు, రాయి లేదు. తండ్రులు పార పట్టుకుని ఒంటరిగా వెళ్లి, పని కానిచ్చుకుని వచ్చేవారు. తల్లులను గడప దాటనిచ్చేవారు కాదు. కాలం మారి ఆ పద్ధతి పోయింది కానీ గోడ మాత్రం పోలేదు.

ఆ పసివాళ్లలో ఒకడు ఇస్త్రీ ఆవిడకు అన్న. చుట్టాలంతా ఆమెను పెద్దమ్మాయి అంటే, తల్లి ఒక్కతే "మా రెండోది" అనేది. నోరు జారిందిలే అని నవ్వుకునేవారు. కూతురు తొలిచూలుతో ఉన్నప్పుడు గానీ తల్లి అసలు సంగతి చెప్పలేదు. పుట్టగానే బిడ్డ ఒళ్లు నీలంగా తిరిగిందట. జ్ఞానస్నానం ఇప్పించాలని తండ్రి అప్పటి ఫాదర్ గారి ఇంటికి పరుగెత్తాడు. వంటవాడు గుమ్మంలోనే ఆపి, అయ్యగారు భోజనం చేసి వస్తారన్నాడు. ఆయన భోజనం ముగిసేసరికి ఇక్కడ ప్రాణం పోయింది. "ఇక లోపల పెట్టడం కుదరదు" అన్నాడట ఆయన, చేతులు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే ఆమె ఇస్త్రీకి వచ్చిన పూజ వస్త్రాల మూట చంకన పెట్టుకుని ఫాదర్ గారి గదికి వెళ్లింది. ఇప్పటి ఫాదర్ చిన్నవాడు, మెత్తనివాడు. సంఘం పెద్ద కూడా అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఫాదర్ గారూ, అక్కడ పిల్లలున్నారు."

"తెలుసమ్మా. అందుకే ఓ మూల ఫలకం పెట్టిస్తున్నాం. 'గుర్తు తెలియని శిశువుల జ్ఞాపకార్థం' అని."

"గుర్తు ఎవరికి తెలియదు? మా అమ్మకి తెలుసు. పాలు పోసే ఆవిడకి తెలుసు, ఇద్దర్ని పోగొట్టుకుంది. ఎవర్నైనా అడిగారా మీరు?"

"పాత గొడవలు తవ్వకమ్మా," అన్నాడు సంఘం పెద్ద.

"తవ్వుతోంది మీరు."

"అది ఆశీర్వదించిన నేల కూడా కాదు కదా!"

"అప్పుడు దేవుడికి పనికిరాని నేల, ఇప్పుడు మీ కార్లకు పనికొచ్చిందా?"

మూటను విప్పకుండానే బల్ల మీద పడేసింది. "ఇవి ఇంకెక్కడైనా చేయించుకోండి," అని విసవిసా బయటికి నడిచింది.

ఇంటికి వెళ్లేసరికి తల్లి చెప్పులు వేసుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

"ఏమన్నాడే?"

"నీకు వినబడిందా అమ్మా?"

"నాకు కావలసినవి వినబడతాయి. పొద్దున్నే నన్ను అక్కడికి తీసుకెళ్లు."

మర్నాడు సిమెంటు లారీ వచ్చేసరికి ముసలావిడ ఆ గడ్డి మధ్య కుర్చీ వేయించుకుని కూర్చుంది. పాలావిడ వచ్చి పక్కన నిలబడింది. ఇంకొందరు ఆడవాళ్లు వచ్చారు. సంఘం పెద్ద గొంతు చించుకుని అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఫాదర్ పరుగున వచ్చి కుర్చీ ముందు వంగాడు.

"అమ్మా, మీ బాబు పేరేమన్నా అనుకున్నారా? చెప్పండి, రాయి మీద చెక్కిస్తాను."

"అనుకున్నాను. మీకు చెప్పను. వాడి తండ్రి మీ గుమ్మంలో నిలబడ్డ రోజున అడగాల్సింది."

"మరి మీకేం కావాలమ్మా?"

"నేను పోయాక నన్నిక్కడ పెట్టండి. లోపల మా ఆయన పక్కన కాదు."

కూతురు ఉలిక్కిపడింది. "అదేంటమ్మా, నాన్న ఏం చేశాడు?"

"వీణ్ణి పాతి ఇంటికొచ్చి, మట్టి కాళ్లు కడుక్కుంటూ, 'ఇక మర్చిపో' అన్నాడు. చోటెక్కడో చూపించమంటే చూపించలేదు. కాపురం చేశాను, చాకిరీ చేశాను. ఆ మాట మాత్రం క్షమించలేదు."

ఇన్నేళ్లూ కూతురు తన కోపమంతా చర్చి మీదే పెట్టుకుంది. తల్లి కోపం ఇంట్లోనే కాపురముందని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు.

లారీ వెనక్కి వెళ్లిపోయింది. పనులు ఆపించి ఫాదర్ పైవాళ్లకు రాసుకున్నాడు. ఆ వానాకాలంలోనే ముసలావిడ పోయింది. ఆమె కోరిన చోటే గుంట తీశారు. సంఘం పెద్ద రాలేదు. ఫాదర్ నాలుగు మూలలా నీళ్లు చల్లి, చిన్న ప్రార్థన చదివి, "ఇప్పుడిది కూడా ఆశీర్వదించిన నేలేనమ్మా," అన్నాడు.

"ఇంతేనా?" అంది కూతురు. "కాసేపటి పనేనా ఫాదర్ గారూ ఇది? దీనికోసమా మా అమ్మ బతుకంతా..."

ఆమె జవాబు కోసం చూడకుండా గుంటలో పిడికెడు మట్టి వేసింది.

మట్టి పూడ్చాక కూడా ఆడవాళ్లు ఇళ్లకు పోలేదు. "మావాళ్లు ఇక్కడ," అంది పాలావిడ. "కాదు, కాస్త అటు." తలా ఒక రాయి ఏరి తెచ్చి, తోచిన చోట పాతారు. వారం తిరిగేలోగా సంఘం పెద్ద వాటిని పీకించాడు. వాళ్లు మళ్లీ పాతారు. ఆ తగువు ఇంకా తెగలేదు.