నల్లాకు రెండు పేర్లు

ముంబై కామాటిపురాలో తాముండే చాల్‌లో, ఆ అద్దె గదుల మేడలో, ఏ అంతస్తుకు ఎప్పుడు నల్లా నీళ్లో చెప్పే యాప్‌ను స్నేహల్ సాయంత్రంలోగా నడిపి చూపాలి. లేకపోతే వంతులు మళ్లీ కమిటీ అధ్యక్షుడు శంకర్రావు చేతికే పోతాయి. ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఆయన అంతస్తుకే ముందు. యాప్ కోడ్ మూడు రిపోల్లో, అంటే మూడు వేర్వేరు అరల్లో ఉంది, ఒకదాంట్లో పేరు మారితే మిగతా రెండింట్లోనూ మారాలి. పొద్దుటి నుంచి ఆ మూడింటినీ కలిపి యాప్‌గా కట్టే బిల్డ్ కూలుతూనే ఉంది.

చివరికి దొంగ దొరికాడు, చిన్నాన్న కొడుకు అనికేత్.

"నల్లా అంటే గావ్ మాట గదక్కా. నా రిపోల మరాఠీల 'నళ్' అని బరోబర్ చేసిన."

"మస్తు చేసినవ్ తీ. నా రెండు రిపోలు ఇంకా నల్లా అనే పిలుస్తున్నయ్, పలికేటోడు లేక పడిపోతున్నయ్. మారిస్తే మూడిట్ల మార్చాలె, లేకుంటే చేతులు ముడుచుకొని కూసోవాలె."

వాడి రిపోలో ఆ మాట అప్పటికే ఎక్కడపడితే అక్కడ పాకిపోయింది. స్నేహల్ పళ్లు కొరుకుతూ తన రెండింటిలోనూ 'నళ్' అని మార్చి, మూడు రిపోల మార్పులనూ ఒకేసారి కలిపింది. బిల్డ్ నిలబడింది.

సాయంత్రం శంకర్రావు వచ్చి ఆమె ఫోన్‌లో యాప్ చూశాడు. ఆ రోజు వంతుల్లో ఆయన అంతస్తు అన్నిటికంటే చివర ఉంది.

"ఇది ఇంకా చెడిపోయే ఉన్నట్టుంది బిడ్డా."

"లేదు కాకా, ఇప్పుడే బాగైంది."