జోడు రజాయిలు

పొద్దున్నే అనకాపల్లి గవరపాలెంలో పాలవాళ్ళు తిరిగే వేళకి మీరా సాహెబ్ దూదేకే విల్లు మోగడం మొదలయ్యేది. పెళ్ళిళ్ళ రోజుల్లో పరుపులు, మామూలు రోజుల్లో దిండ్లు, చలి మొదలయ్యాక కప్పుకునే దూది రజాయిలు. విల్లు నారి మీద కర్ర పడ్డ ప్రతిసారీ ముద్దకట్టిన దూది విడిపోయి అరుగంతా ఎగిరేది. వీధిలో ఎవరి జుట్టులో చూసినా కాస్త దూది ఉండేది. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు. విసుక్కుంటే తమ ఇంటి దిండులో గింజలు మిగిలిపోతాయని భయం.

ఇల్లు విడిచి దూరం వెళ్ళే మనిషికి రజాయి కావాలంటే మాత్రం ఆయన ఒక్కటే కుట్టేవాడు కాదు. ఒకే రాశి దూది ఏకి, రెండు కుట్టేవాడు. ఒకటి వెళ్ళేవాడితో వెళ్ళేది, రెండోది ఇంట్లో ఉండేది. అక్కడ ఆ మనిషి కప్పుకుని పడుకుంటే ఇక్కడ మడతపెట్టిన రజాయి లోపల వెచ్చబడేది. ఇది అనకాపల్లిలో అందరికీ తెలిసిన సంగతే. బెల్లం లారీ తోలే పరదేశి కటకం వెళ్ళినప్పుడల్లా, ఎదురింట్లో అతని పెళ్ళాం నూకరత్నం దీపాలు పెట్టాక రజాయిలో చెయ్యి పెట్టి చూసేది. "పడుకున్నాడు మహానుభావుడు" అని తలుపేసుకునేది. ఓసారి అతనికి అక్కడ జ్వరమొచ్చి ఇక్కడ రజాయి కాలిపోతుంటే తనే దాన్ని కప్పుకుని పడుకుంది. జోడు రజాయిల మధ్య వేడి రెండు వైపులకీ సర్దుకుంటుంది మరి. సగం జ్వరం ఈవిడకొచ్చింది, మిగిలిన సగంతో పరదేశి లారీ తోలుకుంటూ వచ్చేశాడు. పక్క వీధిలో మరిడమ్మకి, మొగుడు రాయగడలో రైల్వే పని మీద ఉండగా, రజాయిలో పక్కపక్కనే రెండు వెచ్చదనాలు తగిలాయి. మొదటి రైలెక్కి వెళ్ళింది. రెండోది ఎవరిదని ఎవరూ అడగలేదు. అడక్కుండానే అందరికీ తెలిసిపోయింది.

మీరా సాహెబ్ ఇంట్లోనూ ఒక రజాయి ఉంది, నీలం గుడ్డది. దాని జోడు కొండల్లో ఉంది.

చైనా యుద్ధం జరిగిన ఏడు ఊళ్ళోకి దూదేకే మిషన్ వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు జిలానీ అక్కడ పనికి చేరతానన్నాడు.

"మిషను గంటలో సేసేది నువ్వు రోజంతా సేత్తన్నావు నానా. ఈ విల్లు ఇంకెన్నాళ్ళు?"

"ఆ మిషను కాడికెళ్ళిన కాళ్ళతో నా గుమ్మం తొక్కకు" అన్నాడు మీరా సాహెబ్.

తండ్రి పౌరుషమే కొడుక్కీ వచ్చింది. జిలానీ మిషన్‌కీ వెళ్ళలేదు, ఇంట్లోనూ ఉండలేదు. కలప లారీ ఎక్కి పాడేరు కొండల్లోకి పోతానన్నాడు. మీరా సాహెబ్ వద్దనలేదు. రోజంతా తల ఎత్తకుండా దూది ఏకాడు. కొడుకు బయల్దేరే పొద్దున నీలం రజాయి గుమ్మం దగ్గర మడతపెట్టి ఉంది. జిలానీ దాన్ని భుజాన వేసుకుని వెళ్ళాడు.

అతనికి ఉత్తరం రాయడం రాదు. తల్లి కరీమున్నీసాకి చదవడం రాదు. ఆ లోటు ఎవరికీ తెలియలేదు, రజాయి ఉంది కదా. రోజూ తెల్లవారుజామున ఆవిడ అందులో చెయ్యి పెట్టి, కొడుకు పొడవునా తడిమి, అప్పుడు పొయ్యి వెలిగించేది. కొన్నాళ్ళకి పక్కన ఇంకో వెచ్చదనం తగిలింది. ఎవరికీ చెప్పకుండా బజారుకెళ్ళి కోడలికి గాజులు కొంది. ప్రయాణం కట్టడం అప్పుడే మొదలైంది.

ఆవిడ ప్రయాణం వీధి మొత్తానికీ కాలక్షేపం. మాడుగుల దాకా బస్సు. హల్వా అక్కడే కొనాలి, ఇక్కణ్ణించి మొయ్యక్కర్లేదు. అక్కణ్ణించి లారీవాణ్ణి బతిమాలుకుని ఘాటీ ఎక్కాలి. మన్యం జ్వరానికి మాత్రలు. కాళ్ళకి మేజోళ్ళు. పులి కనిపిస్తే ఏం చెయ్యాలన్నది అనకాపల్లి దాటని వాళ్ళంతా చెప్పారు. రేకుపెట్టె సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం. చివరికి మీరా సాహెబ్ "వాడే రావాలి" అనేవాడు. పెట్టె అటక మీదకి పోయేది.

తర్వాత ఒక వర్షాకాలం రజాయి చల్లబడిపోయింది. వానలు వెలిశాయి, చెరుకు గానుగాటకొచ్చింది, అది చల్లగానే ఉంది. కరీమున్నీసా అన్నం మానేసింది. ఓ తెల్లవారుజామున ఉన్నట్టుండి ఆవిడ కేక వీధంతా వినిపించింది. వెచ్చబడింది! వచ్చిన వాళ్ళందరిచేతా చెయ్యి పెట్టించి చూపించింది. ఆ వెచ్చదనం ఇదివరకటిలా పొడుగ్గా లేదు. పైన మూరెడు మేర ఉందంతే.

"సలికి ముడుసుకుని పడుకుంటన్నాడు నా బిడ్డ" అంది.

అందరూ అవునన్నారు. మీరా సాహెబ్ కూడా చెయ్యి పెట్టి చూశాడు. ఆయన చేతులు దూదిలో పుట్టి పెరిగినవి. ఎదిగిన మనిషి ముడుచుకుని పడుకుంటే వెచ్చదనం గుండ్రంగా ఉంటుంది, మోకాళ్ళ దగ్గర పొడుచుకొస్తుంది. ఇది తిన్నగా ఉంది, చిన్నదిగా ఉంది. చేతిని వెనక్కి తీసుకుని వెళ్ళి విల్లు పట్టుకున్నాడు. ఆ రోజు ఏకిన దూది మరీ పలచనై దేనికీ పనికిరాలేదు.

ఏటికేడు ఆ వెచ్చదనం నాలుగు వేళ్ళ మందాన పొడుగవుతూ వచ్చింది. కాళ్ళు చాపుకోవడం అలవాటవుతోందని కరీమున్నీసా మురిసేది. ఆవిడ పెట్టె సర్దినప్పుడల్లా మీరా సాహెబ్ ఇప్పుడు వేరే సాకులు చెప్పేవాడు. పెళ్ళి పరుపులున్నాయి. ఘాటీ రోడ్డు కొట్టుకుపోయింది. నీ ఆయాసానికి ఆ చలి పడదు. వెళ్ళనంత కాలం ఆవిడకి కొడుకు ఉంటాడు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, ఒంటరిగా మోశాడు.

ఈ ఏడు మాత్రం సాకు దొరకలేదు. పసుపు అమ్ముకోవడానికి కొండ దిగిన మత్స్యరాజు అనే రైతు, అరుగు మీద ఆరేసిన రజాయి చూసి ఆగిపోయాడు.

"ఇలాటిదే మా అవతల ఊళ్ళో దడి మీద ఆరేసుంటే సూసేను. గెడ్డ దాటెల్లాలి."

కరీమున్నీసా అతన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. వచ్చే సంతకి దిగినప్పుడు ఇద్దర్నీ వెంటబెట్టుకెళ్ళేలా మాట తీసుకుంది. పెట్టె ఈసారి అటకెక్కలేదు.

సంత ఇంకా రాకముందే రజాయి వేడెక్కింది. పొద్దుటికి వెచ్చన, మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనివ్వలేదు. కరీమున్నీసా నట్టింట్లో చాప పరిచి రజాయి విప్పింది. మీరా సాహెబ్ అడ్డుపడ్డాడు.

"నీకసలే ఆయాసం. ఆ జ్వరం నువ్వు ఓర్సుకోలేవు."

"కన్నకొడుకండీ. నేను కాపోతే ఎవరు పంచుకుంటారు?"

ఇన్నేళ్ళు దాచిన మాట ఆయన నోటికొచ్చేసింది. రజాయి కొస పట్టుకుని అన్నాడు:

"అది జిలానీ కాదే కరీమా. ఎవరో చిన్నబిడ్డ. మనోడు... ఆ వర్షాకాలమే..."

ఆవిడ ఏడవలేదు. చాపమీద కూర్చుని రేకుపెట్టె వైపు చూపించింది.

"పెట్టె అడుగున గౌను కుట్టించి పెట్టేను" అంది. "ఆడో మగో తెలీదు. గౌనైతే ఎవరికైనా సరిపోద్దని."

మీరా సాహెబ్ పెట్టె వైపు తిరిగాడు.

"నేను కన్నదాన్ని. ఎదిగే ఒంటి వెచ్చన నాకు తెలీదేటి? మీ నోటంట రాకూడదనుకున్నాను. మీరు అననంత కాలం వాడున్నాడు."

అప్పుడు ఏడ్చారు, ఇద్దరూ, మధ్యలో ఆ కాలుతున్న రజాయిని పెట్టుకుని. తర్వాత ఆవిడ దాన్ని కప్పుకుని పడుకుంది. ఆయన ఈసారి కొస వదిలేశాడు. తనూ దూరబోతే "ఒకరం మిగలాలి, అక్కడికెల్లాలి" అని నెట్టేసింది.

మర్నాటికి రజాయి చల్లారి మామూలు వెచ్చదనానికి వచ్చింది. కరీమున్నీసా ఒళ్ళు మాత్రం చల్లారలేదు. ఊపిరి అందక ఎగరొప్పుతూనే, హల్వా కొనడం మరిచిపోవద్దని నూకరత్నం చేత కూడా ఆయనకి చెప్పించింది. సంత ముందు రోజు మధ్యాహ్నం, ప్రయాణం కట్టిన పెట్టె పక్కనే ఆవిడ పోయింది.

మూడో రోజు జియారత్ అయిన మర్నాడు మీరా సాహెబ్ విల్లు నారి విప్పి గోడకి ఆనించాడు. తనకోసమే ఆగిన మత్స్యరాజుతో బయల్దేరుతూ నీలం రజాయి నూకరత్నం చేతిలో పెట్టాడు.

"అయ్యో, ఇది నీతో తీసుకెల్లు మామా. కొండమీద సలి."

"రెండూ ఒక్కచోటే ఉంటే ఇక్కడెవరికి తెలుస్తాది, మేం బతికున్నామని?" అన్నాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు వైపు వెళ్ళాడు. విల్లు ఇక మోగదని వీధికి తెలిసిన పొద్దు అది.

తర్వాతి సంతకి మత్స్యరాజు ఒక్కడే దిగాడు. నూకరత్నం ఇంటి గుమ్మంలో కూర్చుని, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగకుండానే చెప్పాడు. జిలానీ ఆ వర్షాకాలం పొంగిన గెడ్డలో కొట్టుకుపోయాడు. పెళ్ళాం మోదమ్మ అప్పటికి కడుపుతో ఉంది. రజాయి దాచి, పిల్ల పుట్టాక దానికి కప్పింది. పిల్ల పేరు బంగారుతల్లి.

"మొన్న జొరమొచ్చి పోతాదనుకున్నారంట. ఓ మాపిటేల దానంతటదే సగం దిగిపోయిందంట. ఎలాగో ఎవులికీ తెలీదు."

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "మామేడి మరి? ఎప్పుడొత్తాడు?"

"సెప్పలేదమ్మా. పిల్ల గౌను తొడుక్కుంది, ఆ హల్వా తింది. తాతని వొదల్డం నేదు."

మర్నాడు తెల్లవారుజామున కల్లాపి జల్లి లోపలికొచ్చిన నూకరత్నం నీలం రజాయిలో చెయ్యి పెట్టింది. మధ్యలో చిన్న వెచ్చదనం తగిలింది, తిన్నగా, హాయిగా కాళ్ళు చాపుకుని. చెయ్యి ఇంకాస్త పక్కకి జరిపింది. అంచున ఇంకోటి ఉంది. గుండ్రంగా, మోకాళ్ళ దగ్గర పొడుచుకొచ్చి, రజాయి అంతా పిల్లకే వదిలేసి ముడుచుకుపోయి.

నూకరత్నం చెయ్యి మెల్లగా తీసి, మడత కదలకుండా సర్దింది. అప్పుడే లారీ దిగొచ్చిన పరదేశి కాఫీ కోసం గుమ్మంలోంచే కేకేశాడు.

"నెమ్మదిగా మాటాడు" అందావిడ. "నిద్దరోతన్నారు."