గండిలోకి పెన్న వచ్చిన పూట

కడపలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లూ భూగోళమూ రెండూ చెప్పే రాహేలమ్మ టీచరుకు ఆ ఏటి దసరా సెలవుల్లో పంతం పట్టుకుంది. మగపిల్లలు స్కౌటు క్యాంపులని ఏటా కొండలకు పోతుంటే, తన గైడు పిల్లలు మాత్రం బడి ఆవరణలోనే డేరా వేసి, అక్కడే పీకేయడమేమిటని ఆమె బాధ. ఇంటింటికీ తిరిగి తల్లులను ఒప్పించింది. పద్దెనిమిది మంది పిల్లలతో జమ్మలమడుగు దాకా బస్సులో, అక్కణ్ణించి ఎద్దులబండ్లలో గండికోట చేరింది.

కోటలో పాత ధాన్యపు కొట్టంలో నాలుగు రోజుల మకాం. రాళ్ళపొయ్యి మీద వంట, మోకుతో రకరకాల ముళ్ళు వేయడం, బండలెక్కడం, సాయంత్రం డ్రిల్లు. దారి చూపడానికి పెద్ద ఈరన్న కుదిరాడు. అరవై ఏళ్ళ గొర్రెల కాపరి. పుట్టిందీ పెరిగిందీ ఆ కోటలోనే.

రెండో రోజు పొద్దున ఈరన్న వాళ్ళను గండి అంచుకు తీసుకుపోయాడు. నడుస్తున్న నేల ఉన్నట్టుండి తెగిపోయింది. ఎర్రటి రాతిగోడలు రెండు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. చూపు జారిపోయేటంత లోతులో ఇసుక, ఆ ఇసుకలో సన్నటి నీటిచార. అదే పెన్న. పిల్లల్లో పొద్దస్తమానం వాగే వెంకటేశ్వరమ్మ పక్కపిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దిగుదాం" అంది రాహేలమ్మ.

ఈరన్న పడమటి దిక్కు చూశాడు. "వద్దులేమ్మా. మూడు దినాలుగా అనంతపురం పక్క మెరుపులు కొడతాండాయి. ఏరు చెప్పి రాదు."

ఆకాశంలో మబ్బుతునక లేదు. కింద నీళ్ళు పాదం మునిగేటన్ని కూడా లేవు. పెన్న గురించి ఆమె ఏటా నల్లబల్ల మీద ఒకటే వాక్యం రాసేది: నందికొండల్లో పుట్టును, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండును. ముసలివాళ్ళ చాదస్తం అనుకుంది.

"అరగంటలో ఎక్కొచ్చేస్తాం, ఈరన్నా."

"సరే మీ ఇష్టం. నేను ఎక్కమంటే మాత్రం ఉన్నోళ్ళు ఉన్నట్టు ఎక్కల్ల."

రాతిపగుళ్ళ గుండా దిగారు. నిటారుగా ఉన్న ఒక్కచోట బండకు మోకు కట్టారు. ఆ మోకుకు కాస్త పైన, విశాలమైన అరుగులాంటి బండ మీద మాబీ నిలిచిపోయింది. దర్జీ యూసుఫ్ కూతురు, ఎనిమిదో తరగతి.

"కాళ్ళు వణుకుతాండాయి టీచర్. నేను రాలేను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. రాహేలమ్మకు చిరాకేసింది. "అయితే ఈడే కూర్చో. కదిలావంటే చూడు" అని మిగతావాళ్ళతో దిగిపోయింది.

అడుగున ఇసుక చల్లగా ఉంది. తలెత్తితే రెండు గోడల మధ్య ఆకాశం బండిబాటంత కనబడింది. పిల్లలు తమ పేర్లు తామే అరుచుకుంటే గోడలు వాళ్ళను తిరిగి పిలిచాయి. కేకలూ, నవ్వులూ. అరగంట ఎప్పుడో దాటింది. ఇంతలో ఏటి వంపు అవతలినుంచి చల్లగాలి వచ్చింది. ఆ గాలిలో తడిమట్టి వాసన.

ఈరన్న చేతిలో కర్ర ఆగిపోయింది.

"టీచర్!" పైనుంచి మాబీ గొంతు చీలింది. వంపు అవతల ఏముందో ఆ బండ మీదివాళ్ళకే కనబడుతుంది. "ఏరు! ఎర్రగా వస్తాండాది!"

"ఎక్కండి!" ఈరన్న గర్జించాడు. "చెప్పులొద్దు, ఏమొద్దు, ఎక్కండి!"

రాహేలమ్మ ఈల ఊదింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు మోకు పట్టుకున్నారు. దిగలేనన్న మాబీ మోకు కట్టిన బండదాకా దిగివచ్చి, బోర్లా పడుకుని, వచ్చిన పిల్లను వచ్చినట్టు చెయ్యందుకుని పైకి లాగింది. రాహేలమ్మ కింద నిలబడి లెక్కపెట్టింది. పద్నాలుగు, పదిహేను, పదహారు. వెంకటేశ్వరమ్మ లేదు.

నున్నటి గులకరాళ్ళ కోసం ఆ పిల్ల ఒక పెద్ద గుండురాయి చాటుకు పోయింది. రాహేలమ్మ పరిగెత్తింది. అప్పటికే అరికాళ్ళ కింద ఇసుక అదురుతోంది. ఆ పిల్ల జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఈరన్న పిల్లను భుజాలమీదికి ఎత్తి మోకు అందించాడు. తర్వాత టీచరు, చివర ఆయన.

రాహేలమ్మ అరుగుబండ ఎక్కి వెనక్కి తిరిగేసరికి, తాను లెక్కపెట్టిన చోటు లేదు.

మొదట నురుగు, ఎండుకంపలు వచ్చాయి. తర్వాత వేళ్ళతో సహా ఒక తుమ్మచెట్టు, ఎవరిదో గడ్డివామి సగం. ఆ వెనక అసలు ఏరు వచ్చింది, బెల్లంపాకం రంగులో, ఈ గోడనుంచి ఆ గోడకు. ఆ హోరుకు చెవులు పనిచేయడం మానేశాయి. కూర్చున్న బండ వణుకుతోంటే, ఆ వణుకు ఆమె దవడల్లోకి ఎక్కింది. పదిహేనేళ్ళుగా తాను పాఠం చెప్పిన నది ఇదని ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

నీళ్ళు ఇంకా పెరుగుతాయని ఈరన్న అందరినీ గండి అంచుకు ఎక్కించాడు. అక్కడ తలగుడ్డ తీసి, రెండు చేతులూ జోడించాడు. "వచ్చినావా తల్లీ" అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి.

"తప్పు నాది ఈరన్నా" అంది రాహేలమ్మ. "నువ్వు చెప్తే వినలేదు. పిల్లలను..."

"ఏటిని చూడమ్మా. నా మొగమేం చూస్తావు."

ఆమె చూసింది. భయమూ సిగ్గూ ఇంకా ఉన్నాయి. కానీ ఆ నీళ్ళ ముందు వాటికి చోటు చాల్లేదు. పక్కన మాబీ, గీరుకుపోయిన మోచేతులను మరిచిపోయి, అంచుకు జానెడు దూరంలో కూర్చుని తొంగి చూస్తోంది. రాహేలమ్మ ఆ పిల్ల వోణీ కొంగు గట్టిగా పట్టుకుంది.

"ఈ నీళ్ళు మన పక్కకు వస్తాయా టీచర్?"

"వస్తాయి. రేపటికి మన కడప పక్కన చెన్నూరు దాటతాయి."

"మా అబ్బ చూడ్డానికి పోతాడు" అంది మాబీ. "నేను ముందే చూసినానని ఆయనకు తెలీదు."

ఆ సాయంత్రం డ్రిల్లు జరగలేదు. వంట వంతు ఎవరిదో ఎవరూ అడగలేదు. పొద్దు గుంకేదాకా పద్దెనిమిది మందీ అంచు దగ్గరే కూర్చున్నారు. చూపు తిప్పితే ఏరు ఆగిపోతుందేమోనన్నట్టు.