ఇంజను నేర్చుకున్న నడక

రోజూ తొమ్మిది కొట్టేసరికి టైలరమ్మ కుట్టు మిషను మీద గుడ్డ కప్పి, కుక్కకు తాడు తగిలించేది. ఆ వెంటనే గడప దగ్గర టక్కుమని ఒక అడుగు, దాని వెనకే సర్రుమని ఒక ఈడ్పు వినిపించేవి. వాచీలు బాగుచేసే ఆమె భర్త షాపుకు బయల్దేరాడన్నమాట. ఆయన చనిపోయి అప్పటికి ఐదు నెలలు. మనిషి లేడు గానీ, అడుగులు మాత్రం వేళ తప్పలేదు.

వీధిలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. స్కూటర్ల వాళ్ళు చప్పుడు విని పక్కకు తిప్పుకునేవారు. వీధి ఊడ్చే ఆమె ఒక్కతే విసుక్కునేది.

"ఇప్పుడే కదా వదినా ఊడ్చింది! అన్న మళ్ళీ గీత గీసుకుంటూ వెళ్ళాడు చూడు."

నిజమే. దుమ్ములో ఒక చెప్పు గుర్తు, దాని పక్కన పొడుగాటి గీత, వీధి చివరిదాకా. ఆయన ఈడ్చే ఆ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది పాపం.

వీధి చివర రోడ్డు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. దాన్ని అందరూ మిట్ట అంటారు. వాచీల షాపు ఆ మిట్ట మీద. చేతికర్ర పట్టుకుంటే పరువు తక్కువ, భార్య భుజం పట్టుకుంటే అంతకన్నా తక్కువ అనుకునే మనిషి ఆయన. "నా భుజం లేదూ?" అని ఆమె పెళ్ళయిన కొత్తలో అడిగింది, నలభై ఏళ్ళు పోయాక కూడా అడిగింది. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే" అనేవాడు రెండుసార్లూ. చివరికి ఒక కుక్కను తెచ్చి, వీపు మీద రింగు ఉన్న పట్టీ కట్టి, "లాగరా" అంటే లాగేలా తయారుచేసుకున్నాడు. ఇంజను అని పేరు పెట్టాడు. చూసేవాళ్ళకు ఆయనేదో దర్జాగా కుక్కను తిప్పుతున్నట్టు ఉండేది. మిట్ట ఎక్కించేది ఎవరో ఇంట్లోవాళ్ళకే తెలుసు.

ఆయన పోయాక కూడా ఆ అడుగులు మిట్ట కింద ఆగి ఇంజను కోసం ఎదురుచూసేవి. తాడు మీద ఇంకో చెయ్యి పడ్డట్టు బరువెక్కేది. ఇంజను ఒక్క ఊపున లాగేవాడు, టైలరమ్మ పడుతూ లేస్తూ వెనక పరిగెత్తేది, అడుగులు ఆమె పక్కనే ఎక్కేవి. పైన షాపు ముందు కాసేపు నిలబడి ఇంటిదారి పట్టేవి. అక్కడిప్పుడు ఎవరో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అయితేనేం, ఆమెకు ఆ పావుగంట కోసమే తెల్లవారేది.

ఒక వానరోజు ఇంజను లాగిన ఊపుకు ఆమె మిట్ట మధ్యలో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో నర్సుగా చేసే కూతురు ఆ కట్టు చూసి ఇంతెత్తున ఎగిరింది.

"రేపు తుంటి విరిగితే ఎవరమ్మా చూసేది? ఇంజనుని నా స్నేహితురాలి తోటకి పంపించేద్దాం. హాయిగా పరిగెత్తుకుంటాడు."

"వాడు లేకపోతే మీ నాన్న మిట్ట ఎలా ఎక్కుతారే?"

"నాన్నకి ఇంకా షాపేంటమ్మా!" అంది కూతురు. చివరికి కాస్త మెత్తబడింది. "రెండు నెలలు చూస్తాను. లాగకుండా నడవడం నేర్చుకుంటే ఉంచుకో. లేదంటే తోటకే."

ముందు కుక్క దక్కితే చాలనుకుంది టైలరమ్మ. వీధిలో మర్యాదగా నడిచి, మిట్ట దగ్గర మాత్రం లాగుతాడులే అని మనసుకు సర్దిచెప్పుకుంది. కుక్కకు అంత లౌక్యం ఎక్కడిది?

కుక్కల సామాను అమ్మే షాపతను ఇంజను పాత పట్టీ చూసి నవ్వాడు. "రింగు వీపు మీదుంటే ఎద్దుకి బండి కట్టినట్టేనమ్మా. వాడు లాగక ఏం చేస్తాడు? ఈ హార్నెస్ పట్టీ చూడండి, రింగు ఛాతీ మీద. లాగబోతే ఒళ్ళు పక్కకి తిరిగిపోతుంది, ముందుకి పోలేడు."

టైలరమ్మకు కొలతలు ఒకరు చెప్పాలా? మెడలో వేలాడే టేపు తీసి ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ కొలిచింది. ఒకటి చంకలో ఒరుసుకుంటుందని పక్కన పెట్టింది, ఇంకొకటి మెడ మీదికి జారుతోందని వద్దంది. పట్టీ కింద రెండు వేళ్ళు సరిగ్గా దూరినదాన్ని తీసుకుంది.

సాయంత్రాలు వెనకవీధిలో చదువు మొదలైంది. తాడు బిగిస్తే ఆగిపోవాలి, వదులైతే నడవాలి. అంతే విద్య. మొదటిరోజు గేటు నుంచి కరెంటు స్తంభం దాకా వెళ్ళడానికి అరగంట పట్టింది. "రోడ్డుకి కొలతలు తీస్తున్నావా టైలరమ్మా?" అని ఆటపట్టించారు పక్కింటివాళ్ళు. తాడు వదులుగా ఉన్నప్పుడల్లా ఆమె "మంచివాడివి" అని ఉడికించిన గుడ్డు ముక్క పెట్టేది. నెల తిరిగేసరికి ఇంజను ఆమె మోకాలి పక్కనే నడుస్తూ, మాటిమాటికీ మొహంలోకి చూడటం నేర్చుకున్నాడు.

ఈలోగా ముందు కట్టు వల్ల, తర్వాత నేర్పింది చెడుతుందన్న భయంతో ఆమె మిట్టవైపు పోలేదు. ఊడ్చే ఆమె రోజూ కబురు మోసుకొచ్చేది. "అన్న కింద నుంచుని నుంచుని, ఎండెక్కాక తిరిగొస్తున్నాడు వదినా." ఆ మాట విన్న రోజున టైలరమ్మకు అన్నం దిగేది కాదు.

గడువు రోజున కూతురు సెలవు పెట్టి వచ్చింది. "మిట్ట మీదికి పద. అక్కడ లాగకపోతే వాడు నీవాడే."

తొమ్మిదయింది. టక్, సర్ర్. "నాన్నా, కాస్త పక్కకి నడువు, అమ్మ కాలికి తగులుతున్నావు," అంది కూతురు. మిట్ట కింద అడుగులు ఆగాయి. తాడు బరువెక్కింది. ఇంజను వెంటనే ఆగి, గుడ్డు ముక్క కోసం ఆమె మొహంలోకి చూశాడు.

లాగరా అంటే కుక్క తోటకి పోతుంది. అనకపోతే ఆయన ఇక్కడే నిలబడిపోతాడు. టైలరమ్మ తాడు కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమ భుజం ముందుకు పెట్టింది.

"రండి. ఎవరూ ఏమీ అనుకోరు."

ఎంతసేపటికో తాడు తేలికైంది. భుజం మీద బట్ట నలిగింది. ఒక చేతి బరువు ముందు మొహమాటంగా, తర్వాత పూర్తిగా దిగింది. ఆమె ఎక్కింది. ఆయనా ఎక్కాడు. 'ఇంతేనా? ఇంత చిన్న బరువుకా నలభై ఏళ్ళ బెట్టు!' అనుకుంటే ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మిట్ట పైకి చేరగానే భుజం తేలికైపోయింది. అడుగులు షాపు దగ్గర ఆగలేదు. టక్, టక్. ఈడ్పు లేదు. రెండు కాళ్ళూ సమానంగా పడుతూ ముందుకు సాగిపోయాయి. ఆయన అలా నడవడం ఆమె ఎన్నడూ వినలేదు.

ఇంజను చెవులు రిక్కించాడు. ఒళ్ళంతా వణికింది. ఒక అడుగు వేశాడు, తాడు బిగుసుకోబోతుంటే ఆగిపోయాడు.

"లాగరా," అంది టైలరమ్మ. "లాగరా ఇంజనూ, ఆయన వెళ్ళిపోతున్నారు, ఈ ఒక్కసారీ!"

వాడు తల తిప్పి ఆమెను చూసి, బుద్ధిగా కూర్చున్నాడు. అడుగులు మలుపు తిరిగాయి. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

కూతురు ఆయాసపడుతూ పైకి వచ్చి ఇంజను తల నిమిరింది. "ఎంత బాగా నేర్పావమ్మా! వీడింక నీ దగ్గరే ఉంటాడు."

టైలరమ్మ సరేనన్నట్టు తలూపి, ఫోన్ కవర్ల షాపు మెట్టు మీద కూలబడి, వచ్చేపోయే నలుగురూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది.