ఎవరికీ ఇవ్వని సీటు

1998 డిసెంబరు 7, సోమవారం, ఉదయం పదిన్నర గంటలు. ఆకాశంలో మబ్బు లేదు. తెల్లవారుజామున పట్టిన మంచు అప్పుడే విడిచింది; ఎండలో నిలబడినా శాలువా తీయబుద్ధి కాని చలిగాలి ఉత్తరం నుంచి వీస్తోంది. ఆ సమయానికి విశ్వవిద్యాలయం పాలనాభవనం వెనక, విడిగా ఉన్న ఒక గది గుమ్మానికి ఇద్దరు పనివాళ్ళు కొత్త బోర్డు బిగించారు. పాతదాని మీద 'కౌన్సెలింగ్ కేంద్రం' అని మాత్రమే ఉండేది. కొత్తదాని మీద జానెడేసి నీలి అక్షరాలతో 'విద్యార్థుల మానసిక సమస్యల సలహా కేంద్రం' అని ఉంది.

లోపల కూర్చున్న కౌన్సెలరు సంయుక్తకు ఇది ఎవరి చలవో వెంటనే తట్టలేదు. రిజిస్ట్రారు సోమేశ్వరరావుగారికి ఫోను చేస్తే ఆయన సంతోషంగా, "మీరు అడిగిందేనండీ. ఆలస్యమైంది గాని, పని జరిగింది కదా," అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. జూన్‌లో ఉద్యోగంలో చేరిన కొద్దిరోజులకే ఆమె బోర్డు మార్చమని అర్జీ పెట్టుకుంది. అప్పట్లో మన రాష్ట్రంలో కౌన్సెలింగ్ అంటే అందరికీ తెలిసిన అర్థం ఒక్కటే: ప్రవేశపరీక్షలో ర్యాంకు వచ్చినవాళ్ళు ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకొని, వరుసలో నిలబడి, మిగిలిన సీట్లలోంచి ఒకటి ఎంచుకొనే తతంగం. కుంగిపోయిన విద్యార్థిని కూర్చోబెట్టి మాట్లాడించడానికి కూడా అదే పేరు ఉందని బాగా చదువుకున్నవాళ్ళలోనే చాలామందికి తెలియదు. అందువల్ల ఆమె గదికి సీట్ల కోసం వచ్చేవారు. బాలానగర్‌లో ఫిట్టరుగా పనిచేసే ఒకాయన కూతురి ర్యాంకు కార్డు బల్లమీద పెట్టి, కంప్యూటర్లు కాకపోతే కనీసం ఎలక్ట్రానిక్సయినా ఇప్పించమని బతిమాలాడు.

మూసాపేటలో ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు రాజమ్మ కూడా చెల్లెలి కొడుక్కి ఒక్క సీటు ఇప్పించమని అడిగింది. తన ఉద్యోగం అది కాదని సంయుక్త ఎంతో ఓపికగా వివరించింది. అదంతా తప్పించుకోవడానికి చెప్పిన మాటేనని రాజమ్మ అనుకొని, ఆనాటి నుంచి పలకడం మానేసింది. కాకినాడ నుంచి ఒంటరిగా వచ్చిన సంయుక్తకు ఊళ్ళో తెలిసిన మనిషి రాజమ్మ ఒక్కతే. శనివారం సాయంత్రం బస్సు దిగినప్పటి నుంచి సోమవారం ఉదయం బస్సు ఎక్కేదాకా ఆమె గొంతు ఆమెకే వినపడేది కాదు. అర్జీ పెట్టింది ఆ విసుగులోనే.

ఆగస్టులో సాయిచంద్ వచ్చాడు. ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చదువుతున్న కుర్రవాడు, పక్కనున్న ఖాజాగూడవాడు. చేతిలో ఫైలు ఉంది. సీటు మార్చుకోవచ్చా అని అడిగాడు. ఎందులోంచి ఎందులోకి అని ఆమె అడిగితే, "ఎందులకన్న సరే మేడం," అని తల దించుకున్నాడు. ఆ తరువాత గంటసేపు ఫైలు తాడు విప్పుతూ, కడుతూ కూర్చున్నాడు. మరుసటి బుధవారం మళ్ళీ అదే ఫైలుతో వచ్చాడు.

ఆ ఫైలు ఎందుకో ఆమెకు నెమ్మదిగా అర్థమైంది. గది బయట స్టూలు మీద కూర్చొనే అటెండరు సాయిలుది కూడా ఖాజాగూడే. వరసకు కుర్రవాడికి చిన్నాయన. ఇతరులకు తెలియకుండా ఆ గుమ్మం దాటడం సాయిచంద్‌కు సాధ్యం కాదు. "ఏం పనిరా?" అని సాయిలు అడిగిన ప్రతిసారీ, "సీటు మార్పిచ్చుకుంటున్న చిన్నాయనా," అనేవాడు. ఆ జవాబుతో సాయిలుకు తృప్తి, ఊరికి తృప్తి.

లోపల అతను చెప్పుకొనేది వేరు. తండ్రి బాలనర్సయ్య పొలం అమ్మి మేడ కట్టాడు. పొద్దున్నే లేచి వెళ్ళడానికి పొలం లేకపోయేసరికి ఇంట్లో ఒకరితో ఒకరికి పని లేకుండా పోయింది. పని లేకపోయేసరికి మాట కూడా లేకుండా పోయింది. తరగతిలో అందరూ ఇంగ్లీషులో కోబాల్ అనే కంప్యూటరు భాష గురించీ, అమెరికా కంపెనీల గురించీ మాట్లాడుకొంటారు. ఊళ్ళో చిన్ననాటి స్నేహితులు 'సారూ' అని దూరం జరుగుతారు. అతని నోట్లోంచి వారం మొత్తం మీద నాలుగు మాటలు వస్తే, అవి ఈ గదిలోనే.

డిసెంబరు మొదటి బుధవారం అతను ఒక సంగతి మామూలుగా, వేరెవరి గురించో చెప్తున్నట్లు చెప్పాడు. కొత్త భవనాల కోసం ఊరి వెనక బండలు పేలుస్తున్నారు. మందు అంటించేముందు ఈల వేస్తారు. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు దూరంగా పోవాలి. ఆ ముందురోజు అతను అక్కడే కూర్చొని ఉన్నాడు. ఈల విన్నాడు. లేవలేదు. ఎవరో కూలీ వచ్చి రెక్క పట్టుకొని లాక్కుపోయాడు.

సంయుక్త సూటిగానే అడిగింది. "కావాలనే లేవలేదా?"

"తెల్వదు మేడం. లెవ్వాలన్నది యాదికి రాలే."

ఇలాంటి చోట తొందరపడకూడదని ఆమె చదువుకుంది. మళ్ళీ బుధవారం దాకా అటువైపు వెళ్ళనని మాట తీసుకొంది. ఇంట్లో ఎవరికైనా చెబుదామా అని అడిగితే అతను చేతులు జోడించాడు. ఆమె అప్పటికి ఊరుకొంది. ఆ తరువాతి సోమవారమే బోర్డు మారింది.

సాయిలు కొత్త అక్షరాలను కూడబలుక్కొని చదివి, స్టూలును గుమ్మానికి బారెడు దూరం జరుపుకొన్నాడు. "తోటపనోల్లు ఒకటే నవ్వుడు మేడం. 'ఏం సాయిలన్నా, లోపట పిచ్చోల్లకు కరెంటు పెడుతున్నరా?' అంటున్నరు," అని వాపోయాడు. సంయుక్త మళ్ళీ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళి పాత బోర్డు పెట్టించమని కోరింది. సరిగ్గా ఉన్న బోర్డు తీసేసి తప్పుగా ఉన్నది పెట్టమని ఏమని రాసుకోవాలని ఆయన అడిగారు. ఆయన అడిగిన దాంట్లోనూ తప్పు లేదు.

బుధవారం ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. సాయిచంద్ వచ్చాడు. దారి మలుపులో ఆగాడు, బోర్డు చదివాడు. సాయిలు దూరం నుంచే ఎలుగెత్తి పిలిచాడు. "రా బిడ్డా! నీ సీటు ముచ్చట ఏమాయె?"

కుర్రవాడు ఒకసారి చిన్నాయన మొహం చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. వెనుదిరిగాడు. తాను వాకిట్లోకి వెళ్ళి పేరు పెట్టి పిలిస్తే అది ఊరందరికీ చాటించినట్లే అవుతుందని ఆమెకు తెలుసు. ఆ ఆలోచనలో పడేసరికి అతను ప్రహరీ దాటిపోయాడు. పోయింది తరగతి వైపు కాదు, బండల వైపు. మధ్యాహ్నం పేలుళ్ళకు కిటికీ అద్దాలు ఎప్పటిలాగే అదిరాయి. ఆమె టిఫిను డబ్బా మూత తీయలేకపోయింది.

మరునాడు ఉదయం సాయిలును, ఊళ్ళో ఏమిటి విశేషాలని, ఏమీ ఎరగనట్లు అడిగింది. ఏమీ లేవన్నాడు. ఆ మాటకు ఊపిరి పీల్చుకొంది గాని, మరో బుధవారం దాకా ఆగే ధైర్యం ఆమెకు లేదు. మధ్యాహ్నం ఆటో మాట్లాడుకొని ఖాజాగూడ వెళ్ళింది.

బాలనర్సయ్య మేడ దొరకడం కష్టం కాలేదు. తల్లి బుచ్చమ్మ ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని సోఫాలో ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. సాయిచంద్ సీటు విషయమై వచ్చానని సంయుక్త చెప్పింది.

"ఇంటికొచ్చి చెప్పేటంత పెద్ద సీటా అమ్మా?" అని బుచ్చమ్మ ముచ్చటపడి, కొడుకును కేకేసింది. అతను వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నాకొద్దు మేడం. ఆడ బోర్డు మారింది."

"బోర్డు మారింది. నీ సీటు అలాగే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు."

"గంత మంచిగ చెప్తుంటే వద్దంటవేందిరా?" అని తల్లి నవ్వింది. "పిచ్చి లేసిందా?"

సాయిచంద్ సంయుక్త వైపు చూశాడు. "గిదే మేడం. అందరు గిట్లనే అంటరని ఫికర్."

ఆమె గ్లాసు కింద పెట్టింది. తల్లి ఎదుట అడగవచ్చునా అని ఒక్క క్షణం తటపటాయించి, అడగకుండా వెళ్ళిపోవడం అంతకన్నా ప్రమాదమని నిశ్చయించుకొంది.

"నిన్న బండల దగ్గరికి వెళ్ళావా?"

"పోయిన."

"ఈల వేశారా?"

"ఏసిన్రు."

"లేచావా?"

అతను కాలిబొటనవేలితో నేల రాశాడు. "లేసిన మేడం. లేటుగ లేసిన."

బుచ్చమ్మ నవ్వు ఆగిపోయింది. కొడుకు మొహం చూసింది, వచ్చినామె మొహం చూసింది. ఏం ఈల అని గాని, ఎక్కడి సీటు అని గాని అడగలేదు. లేచి వెళ్ళి కొడుకు పక్కన, వాడి భుజానికి భుజం తగిలేటట్లు నిలబడింది.

కౌన్సెలింగ్ చోటు మారిందనీ, ఇకనుంచి బుధవారం రెండు గంటలకు గ్రంథాలయం మెట్ల దగ్గర ఉంటాననీ సంయుక్త చెప్పింది. ఆమె ఆటో ఎక్కుతుండగా బుచ్చమ్మ వెంట వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఆడికి నేను గూడ ఎంబడి రావాల్నా అమ్మా?"

"గేటు దాకా రండి, చాలు. ఈలోపు వాణ్ణి ఒంటరిగా వదలకండి."

తరువాతి బుధవారం సాయిచంద్ వచ్చాడు. తల్లి గేటు బయట మట్టిదిబ్బ మీద కూర్చొని, అతను తిరిగి వచ్చేదాకా కదల్లేదు. పాత బోర్డు రోజుల్లో సాయిచంద్‌లాగే సీటు సాకుతో ఫైళ్ళు పట్టుకొని వచ్చిన మరికొందరు పిల్లలు మాత్రం ఇక కనిపించలేదు. వాళ్ళ ఇళ్ళు ఎక్కడో సంయుక్తకు తెలియదు. గ్రంథాలయం మెట్ల మీద ప్రతి మధ్యాహ్నం కూర్చొని, దాటిపోయే మొహాలలో వాళ్ళను వెతికేది. సాయంత్రం మూసాపేట బస్సెక్కి, రాజమ్మ మూసిన తలుపు పక్కనుంచి మెట్లెక్కి గదికి చేరేది.

ఆమె 2001లో ఉద్యోగం మానేసి కాకినాడ వెళ్ళిపోయింది. ఆ పోస్టు 2007 దాకా ఖాళీగా ఉంది. సాయిచంద్ 2007లోనే కూకట్‌పల్లిలో ఒక జూనియర్ కళాశాలలో గణితం అధ్యాపకుడుగా చేరాడు.